ఏడో జాగ్రత్త

వాచీల బాబాయి గేటు దగ్గరికి వచ్చాడంటే పన్నెండుకి పది నిమిషాలు తక్కువన్నమాటే. డయాలసిస్ సెంటర్లో ఉన్న గోడగడియారాన్ని ఎవరూ నమ్మరు గానీ ఈయన్ని మాత్రం అందరూ నమ్ముతారు. ఆరేళ్ళుగా సోమ, బుధ, శుక్రవారాలు, ఎండైనా వానైనా, అదే నిమిషానికి వస్తున్నాడు. ఇల్లు ఆసుపత్రి వెనక సందులోనే. కిడ్నీలు పూర్తిగా చేతులెత్తేసిన ఏడాది, వాచీలు బాగుచేసే కొట్టు ఇంకొకరికి అప్పజెప్పి, కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని ఆ సందులో ఒక కింది వాటాలోకి మారిపోయాడు. నడిస్తే నాలుగు నిమిషాలని కోడలు అంటుంది. నాలుగున్నర అని ఆయన సరిదిద్దుతాడు.

అంటుజబ్బు ఊరంతా పాకి అప్పటికి రెండు నెలలైంది. గేటు బయట ఆరడుగులకొకటి చొప్పున సుద్దతో సున్నాలు గీశారు. రోగులు వరుసగా వాటిల్లో నిలబడాలి. మిగతావాళ్ళు ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కబుర్లాడుకుంటుంటే, వాచీల బాబాయి మాత్రం గీత తొక్కకుండా సున్నాకి సరిగ్గా మధ్యలో నిలబడతాడు. ఆ సోమవారం కూడా అలాగే నిలబడ్డాడు. మాస్కు, మాస్కు మీదుగా మఫ్లరు, చెవులు మూసేసే ఉన్ని టోపీ. సెక్యూరిటీ గార్డు ఆ టోపీ తీయించి, జ్వరం చూసే గన్నుని, ఇన్నాళ్ళూ పెట్టినట్టు మణికట్టుకి కాకుండా, ఆ రోజే వచ్చిన కొత్త రూలు ప్రకారం నుదుటికి గురిపెట్టాడు. అది కీచుమని అరిచింది. ఎర్రలైటు వెలిగింది.

హాల్లో చివరి మెషీనుకి గొట్టాలు బిగిస్తున్న సిస్టరు ఆ కీచు విని తలెత్తింది. పన్నెండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోంది. ఉన్న ముగ్గురు నర్సుల్లో పెద్దది కాబట్టి, డాక్టరుగారు లేని వేళ మంచికీ చెడ్డకీ ఆమే జవాబు చెప్పుకోవాలి. కిటికీలోంచి చూసేసరికి ఆ సున్నాలో ఉన్నది ఎవరో తెలిసి, గ్లవ్సు విప్పేసి గబగబా బయటికి వచ్చింది.

"ఇంకోసారి చూడు నాయనా," అంటున్నాడు బాబాయి. "పొద్దున లేవగానే చూసుకున్నా. తొంభై ఆరున్నర."

"ఒక్కసారే చూడమని రూలు," అన్నాడు గార్డు, రెండడుగులు వెనక్కి వేసి. సిస్టర్ని చూసి, "నూటొకటి మేడమ్," అన్నాడు.

ఆ రూలు ఊరికే పుట్టలేదు. నెల కిందట ఇంకో సెంటర్లో ఒకాయన బతిమాలి బతిమాలి నాలుగుసార్లు చూపించుకున్నాడు. నాలుగోసారి తక్కువ చూపిస్తే లోపలికి పంపారు. ఆ షిఫ్టులో పడుకున్న ఎనిమిది మందికి అంటుకుంది. ఐదుగురు పోయారు. అప్పట్నించీ ఏ సెంటర్లోనైనా ఇదే పద్ధతి. ఒకసారి ఎర్రలైటు వెలిగితే ఆ మనిషి పరీక్ష చేయించుకుని, జబ్బు లేదని కాగితం వచ్చాకే మళ్ళీ గేటు దాటాలి.

"దగ్గుందా బాబాయ్? ఒళ్ళు నొప్పులా?"

"ఏమీ లేదమ్మా. నిక్షేపంగా ఉన్నా."

నిక్షేపంగా ఉన్నట్టు లేడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కణతల మీద చెమట. మామూలుగా ఈయన ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, ఎండాకాలంలో కూడా శాలువా అడుగుతాడు. అలాంటి మనిషి చెమటలు కక్కుతున్నాడంటే ఇంక అనుమానం ఏముంది? రిజిస్టరు తెరిచి, ఆయన వరుసలో ఎర్ర పెన్నుతో "జ్వరం" అని రాసింది. రాస్తున్నంతసేపూ ఆయన ఆ పెన్ను వైపే చూస్తున్నాడు.

"ఏమీ అనుకోకండి బాబాయ్. ఇవాళే వెళ్ళి పరీక్ష చేయించుకోండి. రెండు మూడు రోజుల్లో ఫోనుకి మెసేజీ వస్తుంది."

"నువ్వు చెప్పావంటే అలాగేనమ్మా. మరి ఎల్లుండి?"

"మెసేజీ వస్తే ఎల్లుండే."

"రాకపోతే?"

సిస్టరు రిజిస్టరు మూసింది. ఆయనే ఆమెని ఆ ఇబ్బందిలోంచి తప్పించాడు. మణికట్టు వాచీ చూసుకుని, "ఇంకా ఆరు నిమిషాలుంది. నా మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు," అని చెప్పి, టోపీ మళ్ళీ పెట్టుకుని, సున్నాలన్నీ ఒక్కొక్కటిగా తప్పుకుంటూ వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

నాలుగో నంబరు మంచం ఎవరికీ ఇవ్వలేదు. ఆయన కోసం సిద్ధం చేసిన గొట్టాల్లోంచి సెలైను పారబోసి, ఫిల్టరు విప్పేసి, మెషీను ఆపేసింది సిస్టరు. తొమ్మిది పంపులు గుండ్రంగా తిరుగుతున్నాయి, పదోది తిరగడం లేదు. తెలియని వాళ్ళకి ఆ తేడా వినపడదు. ఆమెకి మధ్యాహ్నం అంతా అదే వినపడుతూ ఉంది.

"పంపించేశారా? మంచి పని చేశారు," అంది ఐదో మంచం మీదున్న టీచరమ్మ. ఆవిడ లెక్కల టీచరు. రిటైరై పదేళ్ళయినా గొంతులో క్లాసు రూము పోలేదు. "మాకూ పిల్లా జెల్లా ఉన్నారు. ఒకరి కోసం అందర్నీ బలి పెడతామంటే కుదరదు కదా."

"ఆ మాట ఆయన కూడా అనలేదు టీచరమ్మా."

"అన్నాడని నేనూ అనలేదు. ఇవాళైనా ఆ గురక గోల లేకుండా కళ్ళు మూసుకుంటాను."

వాచీల బాబాయి గురక ఆ షిఫ్టుకంతా తెలిసిన బాధ. సూది గుచ్చిన పది నిమిషాలకి మొదలై, నాలుగు గంటల తర్వాత సూది తీసేదాకా, ఎక్కడా తాళం తప్పకుండా సాగుతుంది. దాన్ని ఆపమని టీచరమ్మ ఆరేళ్ళుగా ఫిర్యాదు చేస్తూనే ఉంది. మంచం మార్చమని కాగితం కూడా పెట్టింది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆవిడ దుప్పటి కప్పుకుని, తీసి, అటు తిరిగి, ఇటు తిరిగి, చివరికి నిద్ర పట్టక సీలింగు వైపు చూస్తూ పడుకుంది. సిస్టరు అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

*

మంగళవారం పొద్దున మొదటి షిఫ్టు వాళ్ళకి సూదులు పెట్టడం కాగానే సిస్టరు బాబాయి ఇంటికి ఫోన్ చేసింది. కోడలు ఎత్తింది.

"నిన్న మూడు గంటలు నిలబడ్డాం సిస్టర్. ముక్కులో పుల్ల పెట్టి తీసుకున్నారు. ఎప్పుడొస్తుందో తెలీదన్నారు."

"జ్వరం ఎంతుంది?"

"నిన్న సాయంత్రం చూస్తే లేదు, ఇవాళ పొద్దునా లేదు. కానీ రాత్రంతా కూర్చునే ఉన్నారు. పడుకుంటే ఆయాసం వస్తోందట. మావయ్యగారి సంగతి మీకు తెలుసు కదా, ఏమీ చెప్పరు. అడిగితే, గడియారాలకి కీ ఇస్తున్నానన్నారు."

"నీళ్ళు ఎన్ని తాగుతున్నారు?"

"మీరు చెప్పినట్టే, దగ్గుమందు మూతతో కొలుచుకునే. రోజూ నలభై మూతలు తాగేవారు. నిన్నట్నించీ పాతిక చేశారు. నాలుక పిడచకట్టుకుపోతుంటే నేనే చూడలేకపోతున్నా."

ఫోన్ పెట్టేశాక సిస్టరు వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. డయాలసిస్ చివరిసారి శుక్రవారం జరిగింది. శని, ఆది, సోమ, మంగళ. మామూలు మనిషి ఒంట్లోంచి రోజూ బయటికి పోయే నీళ్ళూ ఉప్పులూ ఈయన ఒంట్లో నాలుగు రోజులుగా పేరుకుపోతున్నాయి. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వస్తే ఆయాసం. ఉప్పులు పెరిగితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఇంకో రెండు రోజులు గడిస్తే ఆ పరీక్ష కాగితం ఏం చెప్పినా ఒకటే.

ఇంకో రెండు సెంటర్లకి ఫోన్ చేసింది. రెండుచోట్లా ఒకటే మాట, కాగితం ఉంటే పంపండి. డాక్టరుగారికి చేసింది. ఆయన మూడు ఆసుపత్రుల మధ్య పరుగులు పెడుతున్నాడు, గొంతు వింటే కారులో ఏదో నములుతూ మాట్లాడుతున్నట్టుంది.

"కాగితం లేకుండా హాల్లోకి వద్దు సిస్టర్."

"హాల్లోకి కాదు సార్. అద్దాల గది ఉంది కదా."

అద్దాల గది హాలుకి ఆ చివర ఉంది. జబ్బు అంటిన వాళ్ళొస్తే విడిగా పెట్టడానికని నెల కిందట ఒక మంచం, ఒక మెషీను వేశారు. మెషీను మీద ప్లాస్టిక్ ముసుగు ఇంకా తీయనే లేదు.

"ఉంది. నాలుగు గంటలు ఒళ్ళంతా కప్పే ఆ కిట్టు వేసుకుని ఆ గదిలో ఎవరుంటారు? ఉన్నదే ముగ్గురు. ఒకరు లోపలికి పోతే హాల్లో తొమ్మిది మందిని ఇద్దరు చూడాలి. ఎవరికైనా బీపీ పడిపోతే? పైగా ఆయనకి జ్వరమూ ఉంది, ఆయాసమూ ఉంది. ఆ ఆయాసం నీళ్ళదో జబ్బుదో మీరు చెప్పగలరా?"

డాక్టరు చెడ్డవాడు కాదు. నెల కిందట ఆ ఇంకో సెంటర్లో పోయిన ఐదుగురిలో ఇద్దరు ఆయన రోగులే. ఆ సంగతి తెలిసి కూడా సిస్టరుకి ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాక, ఆ మంట అసలు ఎవరి మీదో కాసేపటికి అర్థమైంది. ఎర్ర పెన్ను ఆమె జేబులోనే ఉంది.

*

బుధవారం పదకొండూ ముప్ఫై ఐదుకి మొదటి షిఫ్టు అయిపోయి, మెషీన్లు కడుగుతున్నారు. మెసేజీ రాలేదు. సిస్టరు మిగతా ఇద్దరికీ పని అప్పజెప్పి, చంకలో పెట్టి చూసే థర్మామీటరు ఒకటి, కొత్త మాస్కు ఒకటి తీసుకుని వెనక గేటులోంచి సందులోకి నడిచింది. పోయి ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. చెయ్యగలిగింది లేకపోయినా ఒకసారి కళ్ళతో చూడాలనిపించింది.

కోడలు తలుపు తీసి, పక్కకి తప్పుకుంది. ముందు గదిలో నాలుగు గోడలకీ గడియారాలే. చిన్నవీ పెద్దవీ కలిపి పాతిక దాకా ఉంటాయి. అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి, పదకొండూ నలభై. వాటి టిక్కుటిక్కుల మధ్య ఇంకో చప్పుడు వినిపించింది. పక్క గదిలో ఎవరో ఈలలాంటి ఊపిరి తీస్తున్నారు.

మంచం మీద ఒక దుప్పటి గుట్టలా ఉంది. గుట్ట ఎగసెగసి పడుతోంది. అంచుల్లోంచి పొగ వస్తోంది.

"బాబాయ్!"

సిస్టరు దుప్పటి లాగేసింది. లోపల స్టూలు మీద మూత తీసిన గిన్నె, గిన్నెలో మరిగిన నీళ్ళు, దాని మీదికి వంగిపోయి వాచీల బాబాయి. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కణతల మీద చెమట. ఉతికిన చొక్కా, మణికట్టుకి వాచీ, పక్కన మడతపెట్టిన మఫ్లరూ ఉన్ని టోపీ.

"ఇంకా... రెండు నిమిషాలుందమ్మా," అన్నాడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ.

"ఏం చేస్తున్నారు మీరు? ఊపిరే ఆడక ఛస్తుంటే ఈ ఆవిరేంటి?"

ఆయన తికమకపడ్డాడు. కోడలి వైపు చూశాడు. కోడలు వంటింటి గోడ వైపు చూపించింది. "రోజూ రెండు పూటలా పడతారు సిస్టర్. సెంటరుకి బయల్దేరే ముందు ఎలాగూ తప్పదు. మీరే కదా రాశారు?"

గోడకి, సరిగ్గా కంటి ఎత్తున, నాలుగు మూలలా టేపు వేసి అంటించిన కాగితం ఉంది. సిస్టరుది గుండ్రటి చేతిరాత, ఎవరిదని అడగక్కర్లేదు. జబ్బు మొదలైన వారం, అందరికీ భయంగా ఉందని, రోగులు ముప్ఫై మందికీ పది జాగ్రత్తలు రాసి జిరాక్సు తీయించి పంచింది. ఏడోది ఇలా ఉంది: "రెండు పూటలా ఆవిరి పట్టాలి. సెంటరుకి బయల్దేరే ముందు తప్పకుండా పట్టాలి." ఆ రోజుల్లో అందరూ చెప్పుకునే మాటే. ఎవరు ముందు చెప్పారో కూడా గుర్తులేదు. పది అంకె నిండాలని రాసేసింది.

సిస్టరు మంచం పట్టె మీద కూర్చుంది. గిన్నె మీద పావుగంట వంగిన మొహం, దాని మీద మఫ్లరు, ఉన్ని టోపీ, నాలుగున్నర నిమిషాల నడక, ఆ వెంటనే మణికట్టుకి బదులు నుదుటికి గన్ను. నూటొకటి చూపించక ఏం చేస్తుంది? జ్వరం ఈయనది కాదు, ఆ గిన్నెది. ఆ గిన్నె పెట్టింది తను.

"సోమవారం కూడా పట్టారా?"

"పట్టకుండా ఎలా వస్తాను?" అన్నాడు ఆయన, నేరం మోపినట్టు.

"ఇవాళ మెసేజీ రాలేదు కదా. ఎక్కడికి బయల్దేరారు?"

"పన్నెండులోపు వస్తుందేమోనని. వచ్చాక తయారైతే... ఆలస్యమవుతుంది కదా."

సిస్టరు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఆమెకి తెలియలేదు, రెండూ ఒకేసారి తన్నుకొచ్చాయి. తర్వాత ఆయన ఎడమ చేతిని తీసుకుని, మోచేతి మడత దగ్గర, డయాలసిస్ సూదులు గుచ్చే ఉబ్బిన నరం మీద అరచెయ్యి పెట్టింది. చర్మం కింద రక్తం ఝుమ్మని కొట్టుకుంటోంది. నరం బాగుంది. కాళ్ళు నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. టోపీ వద్దు. కిటికీ తెరువమ్మా."

పాతిక గడియారాలు ఉన్న ఇంట్లో ఇరవై నిమిషాలు గడవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. పన్నెండూ రెండుకి థర్మామీటరు చంకలోంచి తీసి చూసింది. తొంభై ఆరు పాయింట్ ఎనిమిది. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది.

"ఆవిరా?" అని అరిచాడు డాక్టరు. "డయాలసిస్ వాళ్ళకి ఇలాంటివి ఎవరు చెబుతారండీ?"

"నేనే సార్."

సిస్టరు గోడ మీది కాగితం వైపు తిరిగింది.

"నేనే రాసిచ్చాను. రాసిచ్చి, ఆయన అది చేసినందుకు గేటు దగ్గర నేనే ఆపాను. ఐదు రోజులైంది సార్. ఆ ఆయాసం నీళ్ళదే. కాళ్ళు చూశాను, నరం చూశాను. అద్దాల గదిలో కిట్టు వేసుకుని నేనుంటాను. ఒకవేళ జబ్బే అయినా అది నా ఒక్కదానితో పోతుంది."

డాక్టరు పెద్ద నిట్టూర్పు విడిచాడు. "హాల్లో ఇద్దరే మిగులుతారు. అది అక్కడ పడుకున్న వాళ్ళకి చెప్పండి. వాళ్ళు సరేనంటే మొదలుపెట్టండి. వద్దంటే నేను బలవంతం చెయ్యలేను."

*

రెండో షిఫ్టు వాళ్ళలో సగం మందికి అప్పటికే సూదులు పెట్టేశారు. సిస్టరు హాలు మధ్యలో నిలబడింది. బాబాయి గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. గార్డు గన్ను పెట్టి, తొంభై ఏడు చూసి, గన్ను పాడైందేమోనని తన నుదుటికి కూడా పెట్టుకున్నాడట.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి," అంది సిస్టరు. "నేనిచ్చిన కాగితంలో ఏడోది, బయల్దేరే ముందు ఆవిరి పట్టమని రాశాను. మీలో ఎవరెవరు పడుతున్నారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండో మంచం మీద కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఈయన బరువు చూసే మిషను ఎక్కే ముందు జేబులో చిల్లర, బెల్టు, కళ్ళజోడు కూడా తీసేసి, అయినా రెండు రోజులకి నాలుగు కిలోల నీళ్ళు పెరిగి వచ్చే మనిషి.

"కాగితమైతే భద్రంగా ఉంది మేడమ్," అన్నాడు. "మా మనవడు దాంతో విమానం చేశాడు."

"నేను చదివాను," అంది టీచరమ్మ. "రెండు చోట్ల కామా లేదు."

"అంటే ఎవరూ పట్టలేదు. ఒక్క వాచీల బాబాయి తప్ప." జరిగిందంతా చెప్పింది సిస్టరు. తన తప్పుని ఎక్కడా తగ్గించలేదు. చెప్పాక డాక్టరు పెట్టిన షరతూ చెప్పింది. "నాలుగు గంటలు నేను ఆ గదిలోంచి బయటికి రాను. మీకు ఇద్దరే ఉంటారు. పరీక్ష కాగితం ఇంకా రాలేదు, అదీ నిజమే. వద్దంటే వద్దనండి. నేను కోపం తెచ్చుకోను."

అప్పుడు అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఆవిడకి సూదులు పెట్టేశారు, ఎడమ చెయ్యి కదలకూడదు. కాసేపు నాలుగో మంచం వైపు చూసింది. దుప్పటి నలగకుండా ఉంది.

"ఇదేం లెక్క?" అంది చివరికి. "మాట వినని తొమ్మిది మందీ లోపల, విన్న ఒక్కడూ బయట." కుడి చెయ్యి పైకెత్తింది. "తీసుకురండి. చివర్లో సూదులు తీశాక దూది మేమే నొక్కిపట్టుకుంటాం. ఆరేళ్ళ నుంచీ పడి ఉన్నాం, ఆ మాత్రం చేతకాదా?"

కండక్టరు ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరూ, సూది లేని చెయ్యి ఏదైతే అది, కొందరు కుడిది, కొందరు ఎడమది, ఎత్తారు. సూది ఇంకా పెట్టించుకోని ఒకాయన రెండూ ఎత్తేశాడు.

బరువు మిషను మీద బాబాయి యాభై ఏడుంబావు తూగాడు. ఒంట్లో అదనపు నీళ్ళు లేకపోతే ఉండాల్సింది యాభై నాలుగు. ఐదు రోజులకి మూడుంబావు కిలోలే. దగ్గుమందు మూతతో కొలుచుకోకపోతే ఈ మనిషి మంగళవారం రాత్రి దాటేవాడు కాదని సిస్టరుకి ఆ అంకె చూడగానే తెలిసింది. తన మాట విని ఆపదలో పడ్డాడు, తన మాట వినే గట్టెక్కాడు. "కండక్టరుగారికి ఇది ఒక్క వారాంతం సంపాదన," అని ఆమె అంటే హాల్లో నవ్వారు.

అద్దాల గదిలో మెషీను ముసుగు లాగేసింది. గొట్టాలు బిగించి, సెలైను నింపి, గాలి బుడగలు పోయేదాకా ఫిల్టరుని అరచేత్తో తట్టింది. కిట్టు లోపల ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టి సూది మొన సరిగ్గా కనపడకపోతే, ఒక్క క్షణం ఆగి, వేలితో నరాన్ని వెతుక్కుని గుచ్చింది. ఎర్రటి రక్తం గొట్టంలోకి పాకింది. పంపు తిరగడం మొదలైంది.

మొదటి గంట బాబాయి నిటారుగా కూర్చునే ఉన్నాడు. వెనక్కి వాలమంటే భయపడ్డాడు. మెషీను నెమ్మదిగా నీళ్ళు లాగుతోంది. అరకిలో, కిలో. ఈల ఊపిరి తగ్గింది. రెండో గంటలో ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. గోడ మీద కాగితమే, నాలుగు మూలలా టేపు ముక్కలతో సహా.

"ఇంతకీ శుక్రవారం ఆవిరి పట్టాలా వద్దా?"

"వద్దు బాబాయ్. ఎప్పుడూ వద్దు. నాదే పొరపాటు. నన్ను క్షమించండి."

"అది కాదమ్మా, రాసివ్వు. లేకపోతే కోడలు ఒప్పుకోదు."

సిస్టరు జేబులు కిట్టు లోపల ఉన్నాయి. మెషీను మీద చార్టుకి కట్టిన పెన్ను తీసుకుని, ఏడో జాగ్రత్తని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేసింది.

"పక్కన సంతకం," అన్నాడు ఆయన. "కొట్టేసిన చోట సంతకం లేకపోతే చెల్లదు."

సంతకం పెట్టింది. కాగితాన్ని ఆయన పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ మంచం కాస్త దించుతావా?"

సిస్టరు మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కింది హ్యాండిలు తిప్పింది. ఒక చుట్టు, ఆయన మొహం చూసింది. ఇంకో చుట్టు, మళ్ళీ చూసింది. ఊపిరి అలాగే ఉంది. పన్నెండు చుట్లకి మంచం చదునైంది. రెండు రాత్రుల తర్వాత ఆ మనిషి వీపు పరుపుకి ఆనింది. "అబ్బా," అన్నాడు. ఆ ఒక్క మాటకి సిస్టరుకి ప్రాణం లేచొచ్చింది. పది నిమిషాలకి, తాళం తప్పకుండా, గురక మొదలైంది.

మూడున్నర దాటాక చిన్న నర్సు పరిగెత్తుకొచ్చి, ఫోన్ని అద్దానికి ఆనించి పట్టుకుంది. కోడలు పంపిన మెసేజీ. చెమటతో మసకబారిన కళ్ళద్దాల్లోంచి సిస్టరు దాన్ని మూడుసార్లు చదివింది. జబ్బు లేదు. నర్సు డాక్టరుగారికి ఫోన్ చేసి, మాస్కు చాలన్నారని సైగ చేసింది. సిస్టరు కిట్టు విప్పేసి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, అద్దాల గది గుమ్మంలో గోడకి జారగిలబడి, కడుపునిండా గాలి పీల్చింది. తర్వాత లోపలికి వెళ్ళి, రోగి నిద్ర చెడకుండా తలుపు దగ్గరికి వేసింది.

హాల్లో అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. టీచరమ్మ మాత్రం కళ్ళు తెరుచుకుని, అద్దం వైపే చూస్తూ, కుడి చేత్తో రమ్మని సైగ చేసింది. బీపీ పడిపోయిందేమోనని సిస్టరు ఒక్క అంగలో తలుపు తెరుచుకుని వచ్చింది.

"ఏమైంది టీచరమ్మా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఏం కాలేదు. కాగితం వచ్చిందిగా, ఆ తలుపు అలా తీసే ఉంచు," అంది టీచరమ్మ, దుప్పటి మెడదాకా లాక్కుంటూ. "సరిగ్గా వినపడ్డం లేదు."